లేజర్ పక్కనుంచి లేవకండి

ఇంట్లో బల్ల మీద లేజర్ కట్టర్ పెట్టుకున్నవాళ్లకూ, ఈసారి పండక్కి కొందామని డబ్బు దాచుకుంటున్నవాళ్లకూ ముందుగా ఒక్క మాట. యంత్రం కోస్తున్నంతసేపూ దాని పక్కనుంచి లేవకండి. ఫోన్ మోగినా, కాలింగ్ బెల్ మోగినా, కుక్కర్ కూత పెట్టినా లేవకండి. లేవక తప్పకపోతే ముందు యంత్రం ఆపి, తర్వాత లేవండి. కింద రాసినదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే చాలు, ఒక ఇల్లు కాలకుండా మిగులుతుంది.

కొన్నేళ్ల కిందటి దాకా ఈ యంత్రం వర్క్‌షాపుల్లోనే కనిపించేది. ఆర్కిటెక్చర్ పిల్లలు మోడళ్లకు మార్కులు వేసే జ్యూరీ ముందురోజు పెన్‌డ్రైవ్ పట్టుకుని కటింగ్ షాపు ముందు నిలబడేవాళ్లు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే అట్టపెట్టెలో ఇంటికే వస్తోంది. నాలుగు అల్యూమినియం పట్టీలు, రెండు బెల్టులు, మధ్యలో పిడికిలంత లేజర్ తల. మరలు బిగిస్తే సిద్ధం. దానితో బొమ్మల కొలువుకు గోపురాలు కోస్తున్నారు. బాల్సా చెక్కతో బొమ్మ విమానాల రెక్కలు కోస్తున్నారు. రైలు స్టేషన్లు, చార్మినార్లు, గుమ్మానికి పేరు పలకలు, పెళ్లికి రిటర్న్ గిఫ్టులు కూడా ఇళ్లలోనే తయారవుతున్నాయి. 3 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. పలకలోంచి ఊడి వచ్చిన గోపురం ముక్క పక్క ముక్క గాడిలో జిగురు అక్కర్లేకుండా టక్కున కూర్చుంటే ఎంత ఆనందమో నాకు తెలుసు. ఆ సరదా మానుకోమని చెప్పడానికి రాయడం లేదు. అది పది కాలాలు సాగాలని, అప్పటికి మీ కళ్లూ ఊపిరితిత్తులూ ఇల్లూ క్షేమంగా ఉండాలని రాస్తున్నాను.

నా దిగులల్లా ఏమిటంటే ఇది చూడటానికి ప్రింటర్‌లా ఉంటుంది. అమ్మేది కూడా ప్రింటర్ అమ్మినట్టే అమ్ముతున్నారు. కంప్యూటర్‌లో బొమ్మ గీసి, బటన్ నొక్కి, మన పని మనం చూసుకోవచ్చనిపిస్తుంది. నిజానికి ఇది పొయ్యి మీద కాగుతున్న నూనె మూకుడు. మూకుడు పెట్టి ఎవరూ స్నానానికి వెళ్లరు కదా!

లేజర్లను వాటి ప్రమాదాన్ని బట్టి తరగతులుగా విడదీస్తారు. పాఠం చెప్పేటప్పుడు తెర మీద చుక్క చూపించే పాయింటర్ సాధారణంగా రెండో తరగతి, 1 మిల్లీవాట్ లోపు. అర వాట్ దాటితే నాలుగో తరగతి. ఆపైన ఇంకో తరగతి లేదు. ఇళ్లకు వస్తున్నవాటిలో చిన్న యంత్రమే 5 వాట్లు, అంటే ఆ పాయింటర్‌కు 5,000 రెట్లు. 20 వాట్లవీ, 40 వాట్లవీ కూడా ఇళ్లలోకి వచ్చేశాయి. నాలుగో తరగతి కాంతి నేరుగా పడితే చర్మం కాలుతుంది, కన్ను పోతుంది. ఎక్కడో తగిలి చెదిరి వచ్చినా కంటికి ముప్పే. పడిన చోట వస్తువు అంటుకోవచ్చు. కోత యంత్రాల్లో వాడే ఇంకో రకం, కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో అమెరికాలోని బెల్ లేబ్స్‌లో కనిపెట్టింది మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఆయన కనిపెట్టిన వెలుగు కర్మాగారాల్లోకి, ఆపరేషన్ థియేటర్లలోకి వెళ్లినప్పుడు దాని చుట్టూ మూసిన గదీ, తలుపు మీద హెచ్చరిక దీపమూ, శిక్షణ పొందిన మనిషీ ఉన్నారు. మన పడకగదిలోకి వచ్చినప్పుడు ఇవేవీ వెంట రాలేదు. వాటిని మనమే సమకూర్చుకోవాలి.

ముందు మంట సంగతి చూద్దాం.

లేజర్ చెక్కను కాల్చి, ఆవిరి చేసి, దారి చేసుకుంటుంది. అంటే ప్రతి కోతా ఒక చిన్న మంటే. తల కదులుతున్నంతసేపూ ఆ మంట పుట్టిన చోటే ఆరిపోతుంది. తల పక్కనుంచి గాలి ఊదే గొట్టం ఉంటే మరీ మంచిది, మంటను నిలవనివ్వదు. చిక్కంతా తల ఒకేచోట ఆగిపోయినప్పుడు వస్తుంది. బెల్టు జారవచ్చు. కోసిన ముక్క ఒక పక్కకి లేచి తలకు అడ్డం పడవచ్చు. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకోవచ్చు. యు.ఎస్.బి. తీగ వదులై ఆజ్ఞలు మధ్యలో తెగిపోవచ్చు. అప్పుడు తల కదలదు, లేజర్ మాత్రం వెలుగుతూనే ఉండవచ్చు. ఒకే చుక్క మీద, ఒకే చెక్క మీద, ఆగకుండా. గోపురం ముక్క అంటుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

అందుకే జీఆర్‌బీఎల్ అనే నియంత్రణ సాఫ్ట్‌వేర్ మీద నడిచే యంత్రమైతే దానిలో లేజర్ మోడ్ ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. సెట్టింగులలో $32 విలువ 1 ఉండాలి. కోత మొదలుపెట్టేముందు ల్యాప్‌టాప్‌లో స్లీప్ ఆపేయండి. ఆ పని జరుగుతుండగా అదే ల్యాప్‌టాప్‌లో సినిమా చూడకండి. ఇవి చిన్న జాగ్రత్తలే, తీసుకుంటే సగం గండం గడుస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నా మనిషి పక్కన ఉండాల్సిందే. మంటను పసిగట్టే సెన్సర్ ఉందని, యంత్రం పడిపోతే దానంతట అదే ఆగిపోతుందని పెట్టె మీద రాసి ఉండవచ్చు. ఆ సెన్సర్ మీకు తోడు మాత్రమే. దానికి ఇల్లప్పగించి వెళ్లకండి.

అట్టపెట్టె ముక్కల మీద మొదట సాధన చేద్దామనుకుంటారు చాలామంది, చవక కదా అని. ముడతల అట్ట లోపల గాలి సందులుంటాయి. మంట ఆ సందుల్లో పరుగెత్తుతుంది. మొదటిసారి కోసేవాళ్లు పలచటి ప్లైవుడ్‌తో మొదలుపెట్టడం మేలు. ఎక్రిలిక్‌ది ఇంకో తీరు. కరిగి, దాని ఆవిరి అంటుకుని, మండుతూ కిందికి చుక్కలు చుక్కలుగా రాలుతుంది. కింద తేనెపట్టు లాంటి జల్లెడ పలక ఉంటుంది కదా, దాని రంధ్రాల్లో మొన్న కోసిన చిన్న ముక్కలు, మసి, పొట్టు పేరుకుని ఉంటాయి. ఆ మండే చుక్క పడేది వాటి మీదే. ప్రతి రెండు మూడు కోతలకూ ఆ పలక ఎత్తి, తిరగేసి, దులపండి. పలక కింద ఇనుప రేకు వేయండి. చెక్క బల్ల మీద నేరుగా పెట్టకండి. కర్టెన్ పక్కన, పుస్తకాల అల్మరా కింద, పరుపు పక్కన అసలే వద్దు.

ఎం.డి.ఎఫ్. అంచు కోసిన తర్వాత కూడా లోలోపల నిప్పు దాచుకుంటుంది. యంత్రం ఆగింది, ముక్కలన్నీ పోగుచేసి చెత్తబుట్టలో వేశాం, దీపం తీసేసి పడుకున్నాం, ఆ బుట్టేమో ప్లాస్టిక్‌ది, అందులో కాగితాలు. దయచేసి అలా చేయకండి. ముక్కలు వేయడానికి మూతున్న ఇనుప డబ్బా ఒకటి పెట్టుకోండి. పని అయ్యాక కనీసం అరగంట ఆ గదిలోనే ఉండి వాసన చూడండి. రాత్రి పదింటికి చివరి కోత మొదలుపెట్టే అలవాటు ఉంటే మానుకోండి. నిద్రమత్తులో ఉన్న మనిషి పక్కన ఉన్నా లేనట్టే.

కొన్ని గుర్తులు చెబుతాను, కంటికి పడగానే ఆపండి. తల దాటిపోయాక కూడా వెనక మంట కనురెప్పపాటు కన్నా ఎక్కువసేపు నిలుస్తోందా? ఆపండి. పొగ ఉన్నట్టుండి చిక్కబడిందా? వాసన మారిందా? తల కదిలే చప్పుడు ఒకే లయలో చిక్కుకుపోయిందా? షీటు మధ్యలో ఉబ్బి లేచిందా? ఆపి చూడండి. పోయేదేముంది, ఒక ముక్క. ఇంకోటి కోసుకోవచ్చు.

మంట లేస్తే ఎమర్జెన్సీ బటన్ నొక్కండి. అది లేకపోతే గోడ దగ్గర స్విచ్ ఆపండి. లేజర్‌తోపాటు గాలి ఊదే పంపూ, ఎగ్జాస్ట్ ఫ్యానూ కూడా ఆగాలి. గాలి ఆడుతుంటే మంట పెరుగుతుంది. మూత ఉన్న యంత్రమైతే మూత తెరవకండి. మూసి ఉంచితే లోపల గాలి తగ్గుతుంది. కరెంటు ఆగిందని రూఢి అయ్యాక, మంట చిన్నదైతే, తడిపి పిండిన మందపాటి గుడ్డ కప్పండి. చేతికందే దూరంలో, యంత్రానికీ తలుపుకీ మధ్య, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఒకటి ఉంచుకోండి. పొడి చల్లే సిలిండర్ కూడా మంటను ఆర్పుతుంది. యంత్రం అద్దాలు పాడవుతాయని వెనకాడకండి, అద్దాలు కొనుక్కోవచ్చు. మంట యంత్రం దాటి బయటికొచ్చిందంటే ఇక పోరాడకండి. అందరినీ బయటికి తీసుకొచ్చి, తలుపు మూసి, 101కి ఫోన్ చేయండి.

ఇక షీటు దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఎక్కువ గుబులు ఇక్కడే. మంట కంటికి కనబడుతుంది, ఇది కనబడదు.

మన స్టేషనరీ షాపుల్లో సన్‌బోర్డు అని ఒక తెల్లటి షీటు అమ్ముతారు. తేలిక, చవక, నున్నగా ఉంటుంది, కట్టర్ బ్లేడుకు చక్కగా తెగుతుంది. మోడళ్లు చేసే పిల్లలకు ప్రాణం. ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు పి.వి.సి. నురగ పలకలు. బ్లేడుతో కోస్తే ఏ బాధా లేదు. లేజర్ కింద పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. తడి తగిలితే అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తడి ఎక్కడుంటుంది? మీ కంట్లో, ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో. ఒకటి రెండు నిమిషాల్లో కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. గట్టిగా పీల్చినవాళ్లలో కొందరికి ఊపిరాడని ఇబ్బంది కొన్ని గంటల తర్వాత ముదరవచ్చు. "ఇందాక దగ్గు వచ్చింది, తగ్గిపోయింది" అని ఊరుకోకండి. ఆయాసం వస్తే 108కి ఫోన్ చేసి, ఏం కోశారో డాక్టరుకు చెప్పండి.

పి.వి.సి. ఇంకా ఎన్నో వేషాల్లో ఉంటుంది. ఫ్లెక్సీ బ్యానర్ ముక్కలు, వినైల్ స్టిక్కర్లు, చాలా రకాల రెగ్జిన్, కరెంటు తీగలకు వేసే కేసింగ్ పట్టీలు, గచ్చు మీద పరిచే వినైల్ షీట్లు. ఇంట్లో మిగిలిపోయాయి కదా, కోసి చూద్దాం అనిపిస్తుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడే చేయి వెనక్కి తీసుకోండి. మీ యంత్రంలో పట్టాలు, మరలు, బేరింగులు ఉన్నట్టుండి తుప్పు పట్టడం మొదలైతే ఎప్పుడో ఎవరో దానిలో పి.వి.సి. కోశారేమోనని అనుమానించండి. ఇనుముకు పట్టిన గతే ఊపిరితిత్తులకూ పడుతోంది.

షాపువాడికే తెలియదు, షీటు మీద పేరు లేదు, ఏం చేయాలి? పాత పరీక్ష ఒకటుంది. పెద్దవాళ్లు, ఆరుబయట, గాలి వీపు వైపునుంచి వచ్చేలా నిలబడి చేయాలి. చేతికి దూరంగా ఉండేలా పొడవాటి రాగి తీగ తీసుకుని, పట్టకారుతో పట్టుకుని, గ్యాస్ బర్నర్ మంటలో ఎర్రగా కాల్చండి. రంగు మంట ఏమీ రాకుండా శుభ్రంగా కాలేదాకా ఉంచండి. ఆ వేడి కొసను షీటు మూలకు తాకించండి. కొంచెం ప్లాస్టిక్ కరిగి తీగకు అంటుకుంటుంది. మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మెరిసిందా, అందులో క్లోరిన్ లాంటిది ఉన్నట్టే. ఆ షీటు లేజర్ కిందికి పోకూడదు. పచ్చ రాలేదని మాత్రం అన్నిటికీ పచ్చజెండా ఊపకండి. ఈ పరీక్ష చెప్పేది క్లోరిన్, బ్రోమిన్ జాతి గురించే. మిగతా విషాలు దానికి అందవు.

మిగతావాటిలో మొదటిది ఏ.బి.ఎస్. ప్లాస్టిక్. కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సైనైడ్ కూడా ఉంటుంది. పాలికార్బొనేట్ చూడటానికి ఎక్రిలిక్ లాగే ఉంటుంది, కోయబోతే నల్లబడి మండుతుంది. టెఫ్లాన్ వద్దు. ఫైబర్ గ్లాస్, సర్క్యూట్ బోర్డులు వద్దు. క్రోమ్‌తో పదును చేసిన తోలు వద్దు. థర్మోకోల్, థర్మోకోల్ నింపిన ఫోమ్ బోర్డు వద్దే వద్దు. ఇవి నిమిషంలో అంటుకుంటాయి, పైగా వేడెక్కితే వీటినుంచి వచ్చే ఆవిరిలో స్టైరీన్ ఉంటుంది. 2020 మే 7 తెల్లవారుజామున కర్మాగారం నుంచి లీకై విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్ముకున్నది ఆ స్టైరీనే. అది టన్నుల లెక్క, ఇది గ్రాముల లెక్క, రెండూ ఒకటని నేననను. కానీ పదడుగుల గదిలో తలుపులు వేసుకుని, ముఖం ఆ గ్రాముల మీదికి వంచి కూర్చునే మనిషికి ఆ తేడా అంత పెద్దది కాదు.

మరి నిరపాయమైనవి లేవా అంటే తక్కువ అపాయమైనవి ఉన్నాయి. బాల్సా, పలచటి ప్లైవుడ్, కాగితం, మౌంట్ బోర్డు, ఎక్రిలిక్, ఎం.డి.ఎఫ్. వీటి పొగ కూడా పీల్చదగ్గది కాదు. ఎం.డి.ఎఫ్. అంటే చెక్క పీచును యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అదిమిన పలక. కోస్తే ఫార్మాల్డిహైడ్ బయటికొస్తుంది. మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని చేర్చింది. ఎక్రిలిక్ కోస్తే వచ్చే ఘాటు వాసనకు తలనొప్పి పుడుతుంది. వాసన వస్తోందంటే ఆ ఆవిరి మీ ముక్కుదాకా వచ్చిందనే కదా అర్థం. "అలవాటైపోయింది, ఇప్పుడు వాసనే తెలియడం లేదు" అని ఎవరైనా అంటే నాకు ఇంకా భయం వేస్తుంది.

కాబట్టి పొగ బయటికి పోవాలి. కిటికీ తెరిచి, సీలింగ్ ఫ్యాను వేస్తే పోదు. ఆ ఫ్యాను పొగను గదంతా పరుస్తుంది. స్ప్లిట్ ఏ.సి. వేస్తే మరీ అన్యాయం, అది గదిలో గాలినే తిప్పి తిప్పి మళ్లీ మీకే ఇస్తుంది. మాస్కు పెట్టుకున్నాంలే అనుకోవద్దు. ఎన్95 పొడిని ఆపుతుంది, వాయువును ఆపదు. యంత్రానికి పెట్టెలాంటి మూత, దాని వెనక నాలుగంగుళాల డక్ట్ పైపు, పైపు చివర కిటికీ దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాలి. ఫ్యాను యంత్రం దగ్గర కాకుండా కిటికీ దగ్గర ఎందుకంటే, అక్కడ ఉంటే పైపు పొడవునా పీల్పు ఉంటుంది. జాయింట్లలో సందున్నా గది గాలి లోపలికి పోతుందే తప్ప పొగ బయటికి రాదు. యంత్రం దగ్గర పెడితే ఆ సందుల్లోంచి పొగను గదిలోకే నెడుతుంది. ఒక అగరొత్తి వెలిగించి జాయింట్ల దగ్గర పట్టుకు చూస్తే పొగ ఎటు పోతోందో మీకే తెలుస్తుంది. లేజర్ ఆపి, అందులో ఏ షీటూ లేనప్పుడే ఈ పని చేయండి.

అపార్టుమెంటులో ఉండేవాళ్లు ఇంకొకటి ఆలోచించాలి. మీ పైపు చివర ఎవరి కిటికీ దగ్గర తేలుతోంది? పైన ఫ్లాటులో పసిబిడ్డ ఉయ్యాల ఆ కిటికీ పక్కనే ఉండవచ్చు. పక్కింట్లో ఉబ్బసంతో బాధపడే పెద్దాయన ఉండవచ్చు. వెంటిలేషన్ షాఫ్టులోకి వదిలితే ఆ పొగ అందరి బాత్‌రూముల్లోకీ చేరుతుంది. బయటికి వదిలే వీలు లేకపోతే ఫిల్టర్ యంత్రాలున్నాయి. వాటిలో హెపా పొర ఒక్కటే చాలదు. వాయువులను పట్టడానికి మందమైన బొగ్గు పొర ఉండాలి. ఆ బొగ్గు కొన్నాళ్లకు నిండిపోతుంది, మార్చాలి. అమెరికాలో బేస్‌మెంటులో, గరాజ్‌లో ఈ యంత్రాలు పెట్టుకున్న మన పిల్లలకూ ఇదే మాట. చలికాలం కిటికీ తెరవలేమని కోత సాగించకండి. అలారం మోగుతోందని స్మోక్ డిటెక్టర్ బ్యాటరీ తీసేయకండి. అది మోగుతోందంటే పైపు సరిగ్గా లేదని చెబుతోంది.

కళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఇళ్లలో వాడే డయోడ్ లేజర్లు ఎక్కువగా 450 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతి. ఆ కాంతి కంటి ముందు పొరలన్నీ దాటి సూటిగా రెటీనా మీద సూదిమొన అంత చోట కూడుకుంటుంది. రెటీనాకు నొప్పి తెలియదు. అందుకే కాలినా మంట పుట్టదు. కాసేపటికి చూపు మధ్యలో ఒక మచ్చ కనబడుతుంది, అంతే. రెప్ప వాల్చడానికి పావు సెకను పడుతుంది. చిన్న పాయింటర్ విషయంలో ఆ పావు సెకను మనల్ని కాపాడుతుంది, ఇక్కడ కాపాడదు. కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10,600 నానోమీటర్లది, కంటికి కనబడనే కనబడదు. అది కంటి పైపొర కార్నియాను కాలుస్తుంది. కనబడటం లేదు కాబట్టి ఏమీ లేదనుకునే ప్రమాదం దానితో ఇంకా ఎక్కువ.

పెట్టెలో ఊరికే ఇచ్చిన పలచటి ప్లాస్టిక్ అద్దాలు చేతిలోకి తీసుకుని చూడండి. వాటి మీద ఏ తరంగదైర్ఘ్యానికి పనికొస్తాయో, ఓ.డి. ఎంతో ముద్రించి ఉందా? ఓ.డి. 4 అంటే పదివేలలో ఒక వంతు కాంతినే లోపలికి రానిస్తుంది, 6 అంటే పది లక్షల్లో ఒక వంతు. అంకె లేని అద్దాలను నమ్మకండి. మీ యంత్రం తరంగదైర్ఘ్యం అద్దాల మీద ముద్రించిన తరంగదైర్ఘ్యాల మధ్య ఉండాలి. ఒక తరంగదైర్ఘ్యానికి కొన్న అద్దాలు ఇంకో తరంగదైర్ఘ్యం యంత్రానికి పనికిరావు. పారదర్శకమైన ఎక్రిలిక్ మూత కార్బన్ డయాక్సైడ్ లేజరును ఆపుతుంది, నీలి డయోడ్ కాంతి మాత్రం అందులోంచి నీళ్లలోంచి వచ్చినట్టు వచ్చేస్తుంది. చలవ కళ్లద్దాలు దేనికీ చాలవు. ఫోన్ కెమెరాతో చూస్తే సురక్షితమే కదా అంటారు. మీ కన్ను దక్కుతుందేమో కానీ కెమెరా సెన్సర్ పోవచ్చు, వీడియో తీసే ధ్యాసలో అద్దాలు తీసేసే ప్రమాదమూ ఉంది.

మెరిసే వస్తువులను ఆ దరిదాపులకు రానివ్వకండి. స్టీలు స్కేలు, అల్యూమినియం రేకు, అద్దం ఎక్రిలిక్, చేతి గడియారం, ఉంగరం. షీటు లేవకుండా ఉండాలని స్టీలు స్కేలు బరువు పెట్టేవాళ్లను చూశాను. లేజర్ ఆ స్కేలు అంచుకు తగిలిందంటే ఎటు చిమ్ముతుందో ఎవరూ చెప్పలేరు. మూత ఉన్న యంత్రాల్లో చాలావాటికి మూత తెరిస్తే లేజర్ ఆగిపోయే స్విచ్ ఉంటుంది. దాన్ని టేపు వేసి నొక్కి ఉంచడం, తీగ కలిపేయడం కొందరికి నేర్పుగా తోస్తుంది. అలా చేసిన నిమిషం నుంచి ఆ యంత్రం మూత లేని నాలుగో తరగతి లేజరే.

కంట్లో లేజర్ పడిందేమోనని అనుమానం ఉంటే ఒక కన్ను మూసి, రెండో కంటితో తలుపు చట్రం నిలువు గీతను చూడండి. తర్వాత కన్ను మార్చండి. గీత వంకర పోతోందా, మధ్యలో మసక ఉందా, నల్లచుక్క ఉందా? అదే రోజు రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. "రేపు చూద్దాం" అనకండి. కంటి చుక్కలు మీ అంతట మీరు వేసుకోకండి. ఇవేవీ లేకపోయినా కంట్లో పడిందని తెలిస్తే వెళ్లాల్సిందే.

కరెంటు గురించి కొంచెమే చెబుతాను, కానీ నిర్లక్ష్యం చేయకండి. గాజు గొట్టంతో నడిచే కార్బన్ డయాక్సైడ్ యంత్రంలో వేల వోల్టులుంటాయి, ప్లగ్గు తీసినా కాసేపు లోపల నిలిచి ఉంటాయి. వెనక మూత విప్పి అద్దాలు సరిచేయడం తెలిసినవాళ్ల పని. గొట్టాన్ని చల్లబరచే నీళ్ల బకెట్‌లో యంత్రం నడుస్తుండగా చేయి పెట్టకండి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించకండి. మన పాత ఇళ్లలో చాలాచోట్ల సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్తింగ్ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించుకోండి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కుంది. కరెంటు పోయినప్పుడు యంత్రం ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉంటుంది, ఎగ్జాస్ట్ ఫ్యానూ నీళ్ల పంపూ వేరే లైనులో ఉంటే ఆగిపోతాయి. అన్నీ ఒకే లైనులో ఉండాలి, ఆగితే అన్నీ ఆగాలి.

పిల్లలున్న ఇళ్లవాళ్లను చేతులెత్తి వేడుకుంటున్నాను. నీలి చుక్క కదులుతుంటే ఏ బిడ్డకైనా చూడాలనిపిస్తుంది. పెద్దవాళ్ల కళ్లకు అద్దాలుంటాయి, ఎదురుగా మోచేతులు బల్ల మీద ఆనించి కూర్చున్న ఆరేళ్ల పాపకు ఉండవు. గదిలో ఎంతమంది ఉంటే అన్ని జతల అద్దాలుండాలి, లేకపోతే ఆ గదిలో మీరొక్కరే ఉండాలి. తలుపు లోపల గడియ పెట్టుకోకండి, బయట "కోత నడుస్తోంది, రావద్దు" అని కాగితం అంటించండి. యంత్రానికి తాళంచెవి ఉంటే పని అయ్యాక తీసి దాచండి. పెంపుడు పిల్లికీ కుక్కకీ కళ్లున్నాయి, వాటినీ బయట ఉంచండి.

ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెడతామని కేంద్రం 2025-26 బడ్జెట్‌లో ప్రకటించింది. మన పిల్లల చేతికి పరికరాలు రావడం మంచి మాటే. ఆ గదుల్లోకి ఎవరైనా దాత లేజర్ కట్టర్ ఇస్తామని వస్తే, హెడ్మాస్టర్లు మూడు ప్రశ్నలు అడగండి. పూర్తిగా మూసి ఉన్న యంత్రమేనా? పొగ గొట్టం ఎవరు పెట్టిస్తారు? పక్కన నిలబడే టీచరుకు శిక్షణ ఎవరిస్తారు? మూడింటికీ జవాబు లేకపోతే ఆ యంత్రాన్ని వినయంగా వద్దనండి. ఆర్కిటెక్చర్ కాలేజీల అధ్యాపకులకు ఒక విన్నపం. జ్యూరీకి ముందు రాత్రి హాస్టల్ గదుల్లో ఏం జరుగుతోందో మీకు తెలియనిది కాదు. నిద్ర లేని పిల్లవాడు, తెరిచిన చట్రం యంత్రం, సన్‌బోర్డు షీటు, మూసిన తలుపు. గడువు ఒక రోజు పొడిగించి, కోతలన్నీ కాలేజీ వర్క్‌షాపులోనే జరగాలని చెప్పండి. కటింగ్ షాపులు ఎక్కడికీ పోలేదు. ఏడాదికి రెండు మోడళ్లు చేసే పిల్లవాడికి సొంత యంత్రం అవసరమే లేదు.

అమ్మేవాళ్లు కూడా మనవాళ్లే. పెట్టెలో ఇంగ్లీషులోనో చైనా భాషలోనో వచ్చే చిన్న అక్షరాల కాగితం ఎవరూ చదవరు. ఏ షీటు కోయకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక పేజీ అచ్చు వేసి యంత్రానికే అంటించి ఇవ్వండి. అద్దాలు, సిలిండర్, డక్ట్ ఫ్యాను కలిపి ధర చెప్పండి. ఆ ధర విని కొనేవాడు ఒక నెల ఆగితే ఆగనివ్వండి.

ఇప్పటికే కొని, తెరిచిన చట్రంతో, పైపు లేకుండా వాడుతున్నవాళ్లకు. ఈ రాత్రికి ప్లగ్గు తీసేయండి. మూత పెట్టె ఆర్డరు పెట్టండి, లేదా వడ్రంగి చేత ఒకటి చేయించి లోపల మెరుపు లేని రేకు కొట్టించండి. చూసే కిటికీకి మాత్రం మీ యంత్రం తరంగదైర్ఘ్యానికి సరిపడే, ఓ.డి. ముద్రించిన పలకే కొనండి. మీ దగ్గరున్న షీట్లన్నీ బయటికి తీసి, పేరు తెలిసినవి ఒక పక్క, తెలియనివి ఒక పక్క పెట్టండి. తెలియనివాటి మీద మార్కర్‌తో "లేజర్ వద్దు" అని రాసి బ్లేడు పనికి ఉంచుకోండి. మూత పెట్టె, ఫ్యాను, పైపు, అద్దాలు, సిలిండర్ ఐదూ వచ్చేదాకా మళ్లీ ఆ ప్లగ్గు పెట్టకండి.